గోడకు నీళ్ళు

ఎర్మొసీయోలో జూన్ నెల.
కారు తలుపు పిడిని చేతిరుమాలుతో పట్టుకుని తెరుస్తారిక్కడ.
ఊరి నడుమ బీమా కంపెనీ మేడ,
దాని కింది అంతస్తులో
నేను గీసిన అడవి.

గీసింది చలికాలంలో.
మెక్సికో నగరంలో, రెండో కప్పు కాఫీ పక్కన పెట్టుకుని
పద్నాలుగు మీటర్ల గోడ నిండా ఫెర్న్ మొక్కలు రాశాను,
నాచు రాశాను,
రాతి మీంచి జారే సన్నటి ధార రాశాను.
"అడుగు పెట్టగానే గుండె నెమ్మదించాలి"
అని అడుగున ఒక వాక్యం కూడా.
బిల్లులో సగం ఆ వాక్యానిదే.

మూడేళ్ళకి చూడ్డానికొచ్చాను.
ఆకుల కొసలు
నిప్పుల మీద మరిచిపోయిన అప్పడం అంచుల్లా ఉన్నాయి.
ఏసీ గాలి సూటిగా తగిలే చోట
గోడకి బట్టతల.
నాచు ఒక్కటే పచ్చగా ఉంది.
వేలితో గీరితే తెలిసింది, రంగు వేసిన నాచు.
ముందే చచ్చింది కాబట్టి
ఇక చావడం లేదు.

నిచ్చెన మీద దోన్యా రెఫూహియో.
వారానికి మూడు పూటలు ఈ గోడకి నీళ్ళు పట్టే మనిషి.
నడుముకి కత్తెర, నెత్తిన ఎవరో మగవాడి పాత టోపీ.
నేనెవరో చెప్పకుండా
"ఎవరు పెట్టించారమ్మా ఇవన్నీ?" అన్నాను, దొంగలా.
"ఎండ తగలని వాళ్ళెవరో" అంది.
తిట్టులా లేదు,
ఇవాళ నలభై ఆరు డిగ్రీలు అన్నట్టే ఉంది.

తర్వాత గొంతు తగ్గించి
"ఈ గోడ రోజుకి తాగేది మా సందంతా తాగదు.
మాకు రోజు విడిచి రోజు, అదీ తెల్లారుజామున."

స్తంభం వెనక్కి తీసుకెళ్ళింది.
కళ్ళు చెదురుతాయని నేను తెర దించమన్న పడమటి అద్దం.
తెర ఎత్తి ఉంది.
మూడు రంగు డబ్బాలు.
ఒకదాంట్లో బఠాణీ గింజంత మిరపకాయలు కాసే చిల్తెపీన్,
ఒకదాంట్లో జానెడు మెస్కీత్,
మూడోది గోబెర్నదోరా.
ఏలికసాని అని ఆ పేరుకి అర్థం.
చూడబోతే చీపురుకట్టకి చిగురేసినట్టుంది.
ఏసీ పెట్టె కింద కారే చుక్కలు బకెట్లో పట్టి
వీటికి పోస్తుందట. కంపెనీకి తెలీదు.

గుప్పెడు నీళ్ళు తీసి
ఏలికసాని మీద చిలకరించింది.

తారూ నిమ్మతొక్కా తొలకరీ
కలిపి నలిపిన వాసన.

బల్ల వెనకాల పిల్ల ఫోన్లోంచి తలెత్తింది.
పంట బీమా కాగితాలు ఒళ్ళో పెట్టుకున్న ముసలాయన
లేచి అద్దం దాకా నడిచి
ఆకాశంలోకి చూశాడు.
మబ్బు తునకైనా లేదు.
అయినా కాసేపు అక్కడే నిలబడ్డాడు,
కాగితాల సంగతి మరిచి.

నా వాక్యం అప్పుడు గుర్తొచ్చింది.
సిగ్గేసింది.

గుమ్మం దగ్గర కాపలా నికానోర్.
ఎదురుగా బస్‌స్టాపుకి నీడ లేదు.
కడుపుతో ఉన్న ఒకామె, పాలిపోయి, అద్దానికి చెయ్యి ఆనించింది.
పని లేనివాళ్ళకి ప్రవేశం లేదని గోడ మీద ఉంది,
ఆ అక్షరాల సైజు కూడా నేనే చెప్పాను.
నికానోర్ తలుపు తీశాడు.
పుస్తకం తిప్పి
పేరు, టైము,
'వచ్చిన పని' గడిలో
"మొక్కలు చూడ్డానికి".

పేజీలు వెనక్కి తిప్పాను.
మొక్కలు చూడ్డానికి. మొక్కలు చూడ్డానికి.
ఏప్రిల్ నుంచీ
అదే వంకర దస్తూరి.
ఆ ఊరికి ఇంతమంది వృక్షశాస్త్రజ్ఞులు!

నా వంతు గడి ఇంకా ఖాళీగానే ఉంది.
పెన్ను పట్టుకుని నిలబడ్డాను.
ఇంతలో పైనుంచి దోన్యా రెఫూహియో,
"ఏయ్, ఊరికే ఉంటే ఈ నిచ్చెన పట్టుకో,
నీ నున్నటి నేల మీద జారుతోంది" అంది.

నీ అంది.
ఎప్పుడు కనిపెట్టిందో.

రెండు చేతులతో పట్టుకున్నాను.
గొట్టంలోంచి చుక్కలు
ఆకుల మీదుగా నా మెడ మీద పడ్డాయి.
చల్లగా ఏమీ లేవు.
జూన్‌లో ఆ ఊరి గొట్టాల నీళ్ళు
కాచినట్టే వస్తాయి.